ఉప్పు ద్రవంతో వేడి మోయించాలంటే: అయానిక్ ద్రవాల ఉష్ణ ధర్మాలు కొలిచే పద్ధతి

పెద్దపల్లి దగ్గర మా బావకు బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. సంక్రాంతికి పోయినప్పుడు, అటు సకినాలు గోలుతుంటే ఇటు నా పని గురించి అడిగాడు. గది వేడికే ద్రవంగా ఉండే ఉప్పు ఒకటుంది, నీళ్లలా మరిగిపోదు, నూనెలా తొందరగా అంటుకోదు, వేడిని మోసుకుపోవడానికి వాడొచ్చని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే గా ఉప్పు ద్రవం మా బాయిలర్ల పోస్తే ఊక ఖర్చు తగ్గుతదా?" అన్నాడు.

"తగ్గదు బావా. నీకు ఆవిరే మేలు" అన్నాను. ఆయన కొంచెం నిరాశపడ్డాడు.

అయానిక్ ద్రవాల మీద ప్రాజెక్టు చేయాలని హనుమకొండ, కరీంనగర్ వైపు నుంచి అడిగే ఎమ్మెస్సీ, ఎంటెక్ పిల్లలకు కూడా మొదట ఇదే చెబుతాను. ఈ ద్రవం ఏ పనికి పనికిరాదో ముందు తెలుసుకోవాలి. ఆ తర్వాతే కొలతలు. కొలతలకు కూడా ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే నెలల పని నీళ్ల పాలవుతుంది. నా విషయంలో అది అక్షరాలా నీళ్ల పాలే అయింది, ఆ కథ మూడో మెట్టులో చెబుతాను.

మొదటి మెట్టు: పని ఏ ఉష్ణోగ్రతల మధ్యో రాసుకోండి

కాగితం మీద రెండు అంకెలు వేయండి. ద్రవం చూడబోయే అతి తక్కువ ఉష్ణోగ్రత ఒకటి, అతి ఎక్కువది ఒకటి. మన దగ్గర తక్కువ అంటే జనవరి తెల్లవారుజామున ఆగి ఉన్న పైపులో ఉండే వేడి. దాన్ని మరిచిపోయి పై అంకె ఒక్కటే చూసేవాళ్లు ఎక్కువ.

పై అంకె 100 లోపు ఉంటే నీళ్లు వాడండి. నీటి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి, 4.18 జౌళ్లు, దాని దరిదాపులకు ఏ అయానిక్ ద్రవమూ రాదు. ఆవిరితో నడిచే మిల్లుకైనా, రామగుండం లాంటి థర్మల్ కేంద్రానికైనా నీటిని మించింది లేదు. 300 నుంచి 400 మధ్య అయితే సోలార్ థర్మల్ కేంద్రాల్లో బైఫినైల్, డైఫినైల్ ఈథర్ కలిపిన నూనె ఎప్పటినుంచో వాడుతున్నారు. అది 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 257 దగ్గర మరుగుతుంది. 400 వద్ద ద్రవంగా ఉంచాలంటే 10 బార్‌లకు పైగా ఒత్తిడిలో పట్టి ఉంచాలి. ఇంకా పైకి పోతే సోడియం నైట్రేట్ 60 పాళ్లు, పొటాషియం నైట్రేట్ 40 పాళ్లు కలిపిన సోలార్ సాల్ట్ ఉంది. 565 డిగ్రీల దాకా పనిచేస్తుంది కానీ 240 కిందికి దిగితే పైపులోనే గడ్డకట్టడం మొదలవుతుంది.

ఈ మధ్యలో మిగిలిన సందే అయానిక్ ద్రవాలది. గది వేడికి ద్రవంగా ఉండాలి, 100 నుంచి 200 పైచిలుకు దాకా ఒత్తిడి లేకుండా నడవాలి, మంటల భయం తక్కువ ఉండాలి. ఇలాంటి పని మీ చేతిలో లేకపోతే ఇక్కడే ఆగిపోవడం లాభం, ఎందుకంటే ఈ ద్రవాల ధర మామూలు థర్మల్ నూనెతో పోల్చేటట్టు ఉండదు.

రెండో మెట్టు: ఏ ద్రవం?

100 డిగ్రీల లోపు కరిగి ఉండే లవణాలను అయానిక్ ద్రవాలంటాం. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. గాలికీ తేమకూ చెడని ఇమిడజోలియం రకాలు 1992లో వచ్చాయి, ఇప్పుడు మన చేతికి వచ్చే సీసాల్లో ఎక్కువ వాటి సంతతే.

కాటయాన్ (ధన అయాన్), ఆనయాన్ (రుణ అయాన్) రెండూ మార్చుకోవచ్చు కాబట్టి లెక్కలేనన్ని జతలు కుదురుతాయి. వేడి మోసే పనికి మాత్రం ఎంపిక అంత పెద్దది కాదు. క్లోరైడ్, బ్రోమైడ్ ఆనయాన్లు వద్దు, అవి కాటయాన్ మీదున్న ఆల్కైల్ గొలుసు మీదే దాడిచేసి తక్కువ వేడికే దాన్ని విడగొడతాయి, పైగా లోహాన్ని తింటాయి. పీఎఫ్6 (హెక్సాఫ్లోరోఫాస్ఫేట్), బీఎఫ్4 (టెట్రాఫ్లోరోబోరేట్) ఆనయాన్లు పాత పుస్తకాల్లో ప్రతిచోటా కనిపిస్తాయి. నీళ్లు తగిలి వేడెక్కితే వాటి నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. గాజు పాత్ర లోపల పొగమంచు పట్టినట్టు మసకబారితే అది అదే, గాజును తింటోందన్నమాట. చర్మానికి తగిలితే సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మిగిలిన వాటిలో ఎన్‌టీఎఫ్2 (బిస్ ట్రైఫ్లోరోమిథైల్ సల్ఫోనైల్ ఇమైడ్) ఆనయాన్ నమ్మకమైనది. మొదటిసారి చేసేవాళ్లు 1-హెక్సైల్-3-మిథైల్ ఇమిడజోలియం ఎన్‌టీఎఫ్2తో మొదలుపెట్టండి, ఇక్కడి నుంచి దాన్ని సీ6 అంటాను. కారణం ఏమిటంటే రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ దీన్నే ప్రామాణిక అయానిక్ ద్రవంగా ఎంచుకుంది. వేర్వేరు దేశాల ప్రయోగశాలల్లో కొలిచిన విలువలు పక్కపక్కన ఉన్నాయి. మీ కొలత తప్పయితే వెంటనే పట్టుబడతారు. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? 25 డిగ్రీల వద్ద దాని విలువలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి:

- సాంద్రత: ఘన సెంటీమీటరుకు 1.372 గ్రాములు
- స్నిగ్ధత, అంటే చిక్కదనం: సుమారు 70 మిల్లీపాస్కల్ సెకన్లు (నీటిది 0.89)
- విశిష్టోష్ణం: గ్రాముకు, డిగ్రీకి సుమారు 1.41 జౌళ్లు
- ఉష్ణవాహకత: మీటరుకు, డిగ్రీకి సుమారు 0.122 వాట్లు (నీటిది 0.607)

మూడో మెట్టు: ఆరబెట్టండి, నీటిని కొలవండి

ఇది ఆగస్టు కథ. వారం రోజులుగా ముసురు పట్టింది, బట్టలే ఆరడం లేదు. అలాంటి రోజుల్లో బీకరులో పోసి పైన అల్యూమినియం రేకు కప్పిన ద్రవానికి స్నిగ్ధత కొలిచాను. పుస్తకంలో ఉన్నదానికంటే 20 శాతం తక్కువ వచ్చింది. మళ్లీ కొలిచాను, మళ్లీ అదే. పరికరం బాగానే ఉంది, కొలత నిలకడగా ఉంది, ఇక నేనేదో కొత్తది కనిపెట్టానని రెండు రోజులు గాల్లో తేలాను. మా సార్ కాగితం చూసి ఒక్క మాటే అడిగారు: "నీళ్లెంత?" నేను కొలవలేదు. అప్పటిదాకా కొలిచిన నెల రోజుల అంకెలన్నీ కొట్టేయాల్సి వచ్చింది.

ఎన్‌టీఎఫ్2 ద్రవాలు నీళ్లతో కలవవు అని చదివి ధీమా పడకండి. నీళ్లతో కలవకపోవడం వేరు, గాలిలో తేమను పీల్చుకోకపోవడం వేరు. ఇవి బరువులో ఒక శాతం దాకా నీటిని లోపల దాచుకోగలవు. ఒక శాతం అంటే కొంచెమే కదా అనిపిస్తుంది. సీ6 అణుభారం 447, నీటిది 18. బరువులో ఒక శాతం నీరుంటే మోల్ లెక్కన అది దాదాపు 20 శాతం. అంటే ప్రతి ఐదింటిలో ఒకటి నీటి అణువు! అయాన్ల మధ్య పట్టు సడలి ద్రవం పలచబడటంలో వింతేముంది?

చేయాల్సింది ఇది. ద్రవాన్ని గుండ్రటి ఫ్లాస్కులో పోసి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తిప్పుతూ, 70 డిగ్రీల వద్ద మంచి వాక్యూమ్ పంపుకు కలిపి 24 నుంచి 48 గంటలు ఉంచండి. ఒక మిల్లీబార్ కిందికి దిగాలి. ఫ్లాస్కుకు, పంపుకు మధ్య చల్లటి ట్రాప్ పెట్టకపోతే పంపు నూనె పాడవుతుంది. అయ్యాక సెప్టమ్ మూత (సూది గుచ్చి తీసే రబ్బరు మూత) ఉన్న సీసాలోకి నైట్రోజన్ కింద మార్చండి. ఇక మీదట మూత తీయడం లేదు, సిరంజితోనే తీయాలి.

ఆరబెట్టాక కార్ల్ ఫిషర్ టైట్రేషన్ చేసి నీటి శాతం రాసుకోండి. కొలత ముందు ఒకసారి, కొలత అయ్యాక అదే నమూనాతో ఇంకోసారి. రెండోదే ముఖ్యం. కొలిచే గంటసేపట్లో ద్రవం ఎంత తేమ తాగిందో అదే చెబుతుంది. రెండు అంకెల్లో పెద్ద తేడా వస్తే ఆ రోజు కొలతను పక్కన పెట్టేయండి. తయారీలో మిగిలిపోయిన క్లోరైడ్ కూడా ఉంటుంది, అది నీటికి ఎదురు, స్నిగ్ధతను పెంచుతుంది. కాస్త నమూనాను నీళ్లతో బాగా కలిపి పైన తేరిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లటి మసక వస్తుందా లేదా తెలిసిపోతుంది.

వీలైతే ఈ పనులన్నీ జనవరి నుంచి మే లోపు పెట్టుకోండి. జూలై, ఆగస్టుల్లో గ్లవ్‌బాక్స్ లేకుండా చేయడం మన ఊళ్లో సాహసమే.

నాలుగో మెట్టు: సాంద్రత

ఇది తేలిక. వైబ్రేటింగ్ ట్యూబ్ డెన్సిటీ మీటర్ ఉంటే పది నిమిషాల పని, లేకపోతే పిక్నోమీటరు చాలు. గాలి బుడగ ఒక్కటి చిక్కినా అంకె తప్పుతుంది, చిక్కటి ద్రవంలో బుడగ తొందరగా పైకి రాదు. 20 నుంచి 80 డిగ్రీల దాకా కొలిచి గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి వ్యాకోచ గుణకం తీసి పెట్టుకోండి, చివర్లో ట్యాంకు దగ్గర పనికొస్తుంది.

ఐదో మెట్టు: స్నిగ్ధత

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన కొలత ఇదే. పంపు ఎంత పెద్దది కావాలో, పైపు ఎంత లావుండాలో, వేడి గోడ నుంచి ద్రవంలోకి ఎంత బాగా దిగుతుందో నిర్ణయించేది ఇదే.

కోన్-ప్లేట్ విస్కోమీటరుగానీ, తేమ పీల్చే పొడి నింపిన గొట్టం తగిలించిన ఉబెలోడే కేశనాళికగానీ వాడండి. సీ6 స్నిగ్ధత గది వేడి దగ్గర ఒక్క డిగ్రీకి 4 శాతానికి పైగా మారుతుంది. కాబట్టి నీటి బాత్ ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూఇటూ అయితే మీ అంకె 2 శాతం అటూఇటూ అయినట్టే. గదిలో ఏసీ ఆగి మే నెల వేడి 40కి చేరితే అదే ద్రవం దాదాపు సగం చిక్కదనానికి దిగుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి 10 కంటే తక్కువ. బెల్లం పాకం వేడి మీద జారుగా ఉండి, చల్లారగానే గరిటెకు అంటుకుపోతుంది కదా, అదే తీరు.

కనీసం ఏడెనిమిది ఉష్ణోగ్రతల వద్ద కొలవండి. మామూలు అరీనియస్ గీతలో ఇవి ఇమడవు, వంపు తిరుగుతాయి. వోగెల్–ఫుల్చర్–టామన్ సమీకరణం వాడాలి: స్నిగ్ధత సహజ లాగరిథమ్ = అ + ఆ ÷ (ఉష్ణోగ్రత − ఇ). ఉష్ణోగ్రత కెల్విన్లలో ఉండాలి. అ, ఆ, ఇ మూడూ మీ కొలతల నుంచి కంప్యూటరు తీసిచ్చే స్థిరాంకాలు. కొలిచిన హద్దులు దాటి ఈ సమీకరణాన్ని సాగదీయకండి.

ఆరో మెట్టు: విశిష్టోష్ణం

దీనికి డీఎస్సీ కావాలి. డీఎస్సీ అనగానే మన దగ్గర అందరికీ టీచర్ ఉద్యోగాల నోటిఫికేషన్ గుర్తొస్తుంది, ఇది డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటరు. సొంతంగా లేకపోతే విశ్వవిద్యాలయాల పరికరాల కేంద్రాల్లో రుసుము కట్టి చేయించుకోవచ్చు. కానీ నమూనా ఇచ్చి ఇంటికి రాకండి, పక్కన నిలబడండి.

మూడు పరుగులు తీయాలి: ఖాళీ పాన్, నీలమణి చక్రం, మీ నమూనా. మూడింటికీ పాన్ బరువు దాదాపు సమానంగా, వేడిచేసే వేగం ఒకటిగా, నిమిషానికి 10 డిగ్రీలు ఉండాలి. నీలమణి విశిష్టోష్ణం కచ్చితంగా తెలుసు, 25 వద్ద గ్రాముకు సుమారు 0.775 జౌళ్లు. దానితో పోల్చి మీ ద్రవానిది లెక్కకడతారు. అదే పరికరంలో మైనస్‌లోకి చల్లబరిచి మళ్లీ వేడిచేస్తే కరిగే స్థానం కూడా దొరుకుతుంది. చల్లబరిచేటప్పుడు ఏమీ కనిపించకపోతే గడ్డకట్టదని రాసేయకండి. ఈ ద్రవాలు గడ్డకట్టాల్సిన చోట మొండికేసి ద్రవంగానే ఉండిపోతాయి. ద్రవీభవన స్థానాన్ని ఎప్పుడూ వేడిచేసేటప్పుడే చదవాలి.

ఏడో మెట్టు: ఉష్ణవాహకత

ట్రాన్సియెంట్ హాట్ వైర్ పద్ధతి. సన్నటి తీగకు కాసేపు కరెంటు పంపి, అది ఎంత తొందరగా వేడెక్కుతుందో చూస్తారు. చుట్టూ ఉన్న ద్రవం వేడిని బాగా లాక్కుపోతే తీగ నెమ్మదిగా వేడెక్కుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అయానిక్ ద్రవం విద్యుత్తును కూడా మోస్తుంది. తొడుగు లేని తీగ పెడితే కరెంటు ద్రవంలోకి కారిపోయి అంకె తప్పుతుంది. పూత ఉన్న తీగగానీ, స్టీలు తొడుగున్న సూది ప్రోబుగానీ వాడాలి.

ప్రోబును నిటారుగా ఉంచండి, సీలింగ్ ఫ్యాను ఆపండి, జనరేటరు నడుస్తున్నప్పుడు కొలవకండి. కాస్త అదిరినా ద్రవం కదిలి వాహకత ఎక్కువగా కనిపిస్తుంది. పరికరాన్ని నీళ్లతో సరిచూసి వదిలేయడం మన దగ్గర మామూలే. నీటిది 0.607, మీరు కొలవబోయేది 0.12. ఐదింతల దూరంలో ఉన్న దానితో సరిచూడటం వల్ల ఏం లాభం? టొలుయిన్‌తో చూడండి, 25 వద్ద దాని విలువ 0.131. చాలా అయానిక్ ద్రవాలు 0.1, 0.2 మధ్యే ఉంటాయి. మీకు 0.3 వచ్చిందంటే సంబరపడకుండా నీళ్లు, ఫ్యాను, ప్రోబు వంపు, ఈ మూడూ చూడండి.

ఎనిమిదో మెట్టు: ఎంత వేడికి, ఎంతకాలం తట్టుకుంటుంది?

అమ్మేవాళ్ల కాగితాల్లో "400 డిగ్రీల దాకా స్థిరం" అని కనిపిస్తుంది. అబద్ధం కాదు, కానీ నిజం కూడా కాదు. టీజీఏలో (వేడిచేస్తూ బరువు ఎంత తగ్గుతుందో చూసే పరికరం) నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడిచేస్తూ పోతే బరువు గబగబా పడిపోవడం మొదలయ్యే చోటు అది. ఆ ద్రవం 400 వద్ద కొన్ని నిమిషాలే ఉంది. మన పైపులో నెలల తరబడి ఉండాలి.

అందుకే ఐసోథర్మల్ పరుగులు తీయండి. 200, 225, 250, 275 ఇలా నాలుగు చోట్ల, ఒక్కోచోట 10 గంటలు ఒకే వేడి వద్ద ఉంచి బరువు ఎంత తగ్గిందో చూడండి. నైట్రోజన్‌లో ఒకసారి, గాలిలో ఒకసారి. 10 గంటల్లో ఒక శాతం మాత్రమే పోయిందంటే బాగుందనిపిస్తుంది. అదే వేగంతో 1,000 గంటలు, అంటే 42 రోజులు నడిపితే మిగిలేది 37 శాతం లోపే. మూడింట రెండొంతులు పోయినట్టు!

బరువు ఒక్కటే చూసినా మోసపోతాం. విడిపోయిన ముక్కలు ద్రవంలోనే ఉండిపోతే బరువు తగ్గదు, ద్రవం మాత్రం గోధుమ రంగుకు తిరుగుతుంది, చిక్కబడుతుంది. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. అయానిక్ ద్రవాలు అసలు ఆవిరికావు అని చాలాకాలం నమ్మారు. వాటిలో కొన్నిటిని తక్కువ పీడనంలో స్వేదనం చేయవచ్చని, అంటే ఆవిరిచేసి మళ్లీ ద్రవంగా పట్టవచ్చని 2006లో తేలింది. అంటే బరువు తగ్గినంత మాత్రాన చెడిపోయినట్టూ కాదు. అందుకని మూసిన స్టీలు గొట్టాల్లో ద్రవాన్ని పోసి, మీరు అనుకున్న పై ఉష్ణోగ్రత వద్ద ఓవెన్లో మూడు నాలుగు వారాలు ఉంచి, తీశాక స్నిగ్ధత మళ్లీ కొలవండి. ఓపిక కావాలి. కరెంటు పోయినప్పుడల్లా ఓవెన్ ఎన్ని గంటలు ఆగిందో రాసిపెట్టండి.

తొమ్మిదో మెట్టు: అంకెలను పైపులో పెట్టి చూడండి

చాలా ప్రాజెక్టు రిపోర్టులు ఎనిమిదో మెట్టు దగ్గరే ఆగిపోతాయి. అసలు రుచి ఇక్కడుంది.

ముందు లీటరు లెక్క. సాంద్రతను విశిష్టోష్ణంతో గుణిస్తే సీ6కు ఘన మీటరుకు, డిగ్రీకి 1.93 మెగాజౌళ్లు వస్తాయి. నీటికి 4.17. ఇందాకటి బైఫినైల్ నూనెకు 25 వద్ద సుమారు 1.65. గ్రాముల్లో చూస్తే నూనె కంటే వెనకబడ్డ ద్రవం లీటర్లలో ముందుకొచ్చింది, అంతా సాంద్రత మహిమ. ట్యాంకు సైజును నిర్ణయించేది లీటర్లే కదా.

ఇప్పుడు ప్రవాహం. 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపు, సెకనుకు ఒక మీటరు వేగం అనుకుందాం. రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం పొరలుగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా చెప్పేది) నీటికి 11,000 దాటుతుంది, సుడులు తిరుగుతూ పోతుంది. 25 వద్ద సీ6కు అది 196. సుడులు మొదలయ్యే 2,300ను 100 వద్ద కూడా దాటదు. పొరలు పొరలుగా, కలబడకుండా జారుతుంది. మీటరు పైపుకు ఒత్తిడి నష్టం 22,400 పాస్కళ్లు, నీటికి దాదాపు 1,500. పంపు పదిహేనింతలు శ్రమపడాలి. తెల్లవారుజామున పంపు ఆన్ చేయగానే మోటారు ట్రిప్ అయితే కారణం ఇదే.

ఇక వేడి బదిలీ. ప్రాండ్ల్ సంఖ్య, అంటే స్నిగ్ధతను విశిష్టోష్ణంతో గుణించి ఉష్ణవాహకతతో భాగిస్తే వచ్చేది, సీ6కు 25 వద్ద 800 పైన. నీటికి 6. పొరల ప్రవాహం కదా అని పుస్తకంలోని 4.36 నస్సెల్ట్ సంఖ్య (గోడ నుంచి ద్రవంలోకి వేడి ఎంత బాగా దిగుతుందో చెప్పేది) పెడితే చదరపు మీటరుకు, డిగ్రీకి 53 వాట్లే వస్తుంది, గుండె జారిపోతుంది. కానీ ఆ సంఖ్య ఉష్ణ ప్రవాహం పూర్తిగా కుదురుకున్న పైపుకే చెల్లుతుంది. ఎంత దూరం పోతే కుదురుకుంటుంది? 0.05 × 196 × 809 × 0.01 మీటర్లు. అంటే 79 మీటర్లు! మీ పైపు రెండు మీటర్లే. అంతసేపూ ద్రవం ప్రవేశ భాగంలోనే ఉంటుంది, అక్కడ బదిలీ మెరుగు. సీడర్–టేట్ సూత్రంతో, గోడ దగ్గరి స్నిగ్ధత సవరణను పక్కనపెట్టి రెండు మీటర్లకు లెక్కేస్తే సుమారు 210 వస్తుంది. నాలుగింతలు. నీటికి ఇదే పైపులో సుమారు 5,000 వస్తుందనుకోండి, దాని సంగతి వేరు.

ఇక్కడి నుంచి చేతిలో ఉన్న దారులు రెండు. పైపు వ్యాసం రెట్టింపు చేస్తే అదే పరిమాణం ప్రవాహానికి ఒత్తిడి నష్టం పదహారో వంతుకు పడిపోతుంది. లేదా ద్రవాన్ని 80 కిందికి దిగకుండా చూసుకోవాలి. రెండూ చేసినా కుదరకపోతే ద్రవం మార్చాలి. డైసయనమైడ్ రకాల్లో 20 లోపు స్నిగ్ధత ఉన్నవి దొరుకుతాయి కానీ వేడికి అంత నిలవవు.

పదో మెట్టు: లూప్‌లో పోసే ముందు

లూప్ అంటే ద్రవం చుట్టూ తిరిగే పైపుల వలయం. దాని విస్తరణ ట్యాంకులో ఖాళీ వదలండి. 30 నుంచి 180కి వేడెక్కితే సీ6 ఘనపరిమాణం 10 శాతం పెరుగుతుంది, 100 లీటర్లు పోస్తే 110 అవుతుంది. పైపులకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. రాగి పెట్టాలనుకుంటే ముందు చిన్న ముక్కను అదే ద్రవంలో అదే వేడికి నానబెట్టి బరువు చూడండి. గాస్కెట్ రబ్బరు ఉబ్బుతుందేమో కూడా అలాగే చూసుకోవాలి.

ఆవిరికాదు కాబట్టి పర్యావరణానికి మంచిదని కొందరు రాస్తారు. ఆవిరికాకపోతే గాలి పాడవదు, అంతే. నీళ్లలో పోస్తే చేపలకు, నాచుకు విషమే, ఆల్కైల్ గొలుసు పొడుగైన కొద్దీ విషం పెరుగుతుంది. సింకులో పోసింది నాలా గుండా ఏ చెరువుకో చేరుతుంది. వాడేసినదాన్ని పేరు రాసిన డబ్బాలో పెట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

లూప్ నింపిన రోజే 50 మిల్లీలీటర్లు పక్కన తీసి, సీలు వేసి, చీకట్లో దాచండి. నెలకోసారి లూప్ నుంచి కొంచెం తీసి దాని పక్కన పెట్టి రంగు చూడండి, స్నిగ్ధత కొలవండి, కార్ల్ ఫిషర్ చేయండి. ముసురు పట్టిన నెలలో నెలకు రెండుసార్లు.